మోగని గంటకూ లెక్క ఉండాలి

ఫైర్ అలారం పెట్టె మీద ఎర్ర దీపం ఎందుకుంటుందో చిన్నపిల్లలకైనా తెలుసు. దాని పక్కనుండే పసుపు దీపం సంగతి మాత్రం ఆ పని చేసేవాళ్లకే తెలుసు. న్యూజిలాండ్‌లో దాన్ని ‘డిఫెక్ట్’ దీపం అంటారు. అది వెలిగిందంటే ఎక్కడా నిప్పూ లేదు, పొగా లేదు. నిప్పంటుకుంటే చెప్పే స్థితిలో తాను లేనని అలారమే ఒప్పుకుంటోందన్నమాట. ఆ దేశంలోని పామర్‌స్టన్ నార్త్ లాంటి ఊళ్లో అలారం మెకానిక్‌కు చేతినిండా పని కల్పించేది మంటలు కావు, ఈ పసుపు దీపమే.

తన గొంతు పోయిందని గంటకు ఎలా తెలుస్తుంది? కిటుకు చాలా చిన్నది. ప్యానెల్ నుంచి రెండు తీగలు బయల్దేరి గది గదికీ తిరుగుతూ, వరసగా డిటెక్టర్లన్నిటినీ కలుపుకుంటూ పోతాయి. చిట్టచివరి డిటెక్టర్ దగ్గర ఆ రెండు తీగల మధ్య ఒక రెసిస్టర్ బిగిస్తారు. కొంటే రూపాయో రెండో. ప్యానెల్ ఆ తీగల్లోకి ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పంపుతూనే ఉంటుంది. అది చివరిదాకా వెళ్లి, రెసిస్టర్ గుండా తిరిగొస్తుంది. లెక్క ప్రకారం తిరిగొస్తే అంతా క్షేమం. ఏ డిటెక్టరైనా పొగ చూస్తే తన గుండా ఎక్కువ కరెంటును పోనిస్తుంది, అప్పుడు ఎర్ర దీపం. ఎలుక తీగ కొరికినా, సున్నాలేసేవాళ్లు డిటెక్టర్ ఊడదీసి తిరిగి పెట్టడం మరిచినా కరెంటు ఆగిపోతుంది, అప్పుడు పసుపు దీపం.

ఇక్కడే ఒక పాత దొంగ పని ఉంది. నిచ్చెనెక్కి చివరి డిటెక్టర్ దాకా పోయే ఓపిక లేనివాడు ఆ రెసిస్టర్‌ను ప్యానెల్ లోపలే బిగించేస్తాడు. ఇక బయట తీగలన్నీ తెగిపోయినా ప్యానెల్‌కు కరెంటు తిరిగొస్తూనే ఉంటుంది, పచ్చ దీపం నిక్షేపంలా వెలుగుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. చివరి డిటెక్టర్‌ను ఊడదీసి ప్యానెల్ దగ్గరికి వచ్చి చూడాలి. అది గోల చెయ్యకపోతే ఎవరో మోసం చేసినట్టే. ఇలాంటి సంగతులు పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్ల కన్నా, పక్కన పనిచేసే సీనియర్ నోట విని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. డిటెక్టర్లు డబ్బుంటే ఎవరైనా కొనొచ్చు. ఈ జ్ఞానం ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందకపోతే మాత్రం ఆ డిటెక్టర్లు సీలింగుకు అలంకారాలే.

పామర్‌స్టన్ నార్త్ ఉత్తర దీవిలో, రాజధాని వెల్లింగ్టన్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, మనవాటు నది ఒడ్డున ఉంది. జనాభా 90 వేలకు అటూ ఇటూ. దక్షిణ దీవిలో అప్పటికే ఇంకో పామర్‌స్టన్ ఉండటంతో 1871లో దీని పేరుకు ‘నార్త్’ తగిలించారు. మాసీ విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి, పాడి పరిశోధన కేంద్రం, దూరాన కొండల మీద గాలిమరలు. ఆకాశాన్నంటే భవనాలేం లేవు. అయినా ఆ దేశంలోని మిగతా ఊళ్లలాగే ఇక్కడా చాలా పెద్ద భవనాల అలారాలు నేరుగా అగ్నిమాపక శాఖకు కలిపి ఉంటాయి. డిటెక్టర్ పొగ పసిగట్టగానే సంకేతం శాఖవారి కంట్రోల్ రూముకు చేరిపోతుంది. దేశం మొత్తానికి అలాంటి కంట్రోల్ రూములు మూడే: ఆక్లాండ్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్. వాచ్‌మన్ నిద్ర లేచి, మేనేజరుకు ఫోన్ చేసి, ఆయన “ఓసారి చూసి రా” అని, ఇతను వెళ్లి చూసొచ్చి మళ్లీ ఫోన్ చేసే తతంగం మధ్యలో ఉండదు.

ఫోన్ చెయ్యాల్సి వస్తే అక్కడి నంబరు 111. దీని వెనకా ఒక సరదా సంగతి ఉంది. బ్రిటన్‌లో ఆ నంబరు 999. న్యూజిలాండ్ పాత ఫోన్ల డయల్ మీద అంకెలు తలకిందులుగా ఉండేవి. అక్కడ 1 తిప్పితే బ్రిటన్‌లో 9 తిప్పినన్ని విద్యుత్ స్పందనలు వెళ్లేవి. బ్రిటన్ నుంచి తెచ్చిన యంత్రాలు మార్పేమీ లేకుండా పనికొచ్చాయి. 1958లో మాస్టర్‌టన్, కార్టర్‌టన్ ఊళ్లలో ఈ సేవ మొదలైంది.

ఇక డిటెక్టర్ కడుపులో ఏముంటుందో చూద్దాం. పొగను పట్టే పరికరం పుట్టిందే అనుకోకుండా. 1930లలో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే పరికరం చెయ్యాలని చూశాడు. ఎంత చూసినా ముల్లు కదల్లేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగించాడు. ముల్లు కదిలింది! వాయువు పట్టించుకోని పరికరం పొగను పట్టేసింది. దాన్ని తర్వాత ఎర్న్‌స్ట్ మైలి అనే మరో స్విస్ శాస్త్రవేత్త పనికొచ్చే అలారంగా మలిచాడు. అయనైజేషన్ రకం డిటెక్టర్‌కు మూలం అదే. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి స్వల్పంగా ఉంటుంది. అది చుట్టూ ఉన్న గాలిని విద్యుత్తు ప్రవహించేలా మారుస్తుంది. పొగ కణాలు లోపలికి దూరి ఆ ప్రవాహాన్ని తగ్గిస్తే గంట మోగుతుంది.

రెండోది కాంతితో పనిచేసేది. లోపలంతా చీకటి గది. ఒక మూల పరారుణ కాంతి దీపం, ఇంకో మూల కాంతిని చూసే కన్ను. ఆ దీపం వెలుగు ఈ కంటికి నేరుగా పడకుండా కోణం పెట్టి అమరుస్తారు. గాలి శుభ్రంగా ఉన్నంతసేపూ కంటికి ఏమీ కనిపించదు. పొగ వచ్చిందంటే దాని కణాల మీద పడ్డ వెలుగు చెదిరి కొంత కంటి వైపు తిరుగుతుంది. భగ్గున మండే మంటల్లో వచ్చే అతి సూక్ష్మ కణాలను అయనైజేషన్ రకం ముందుగా పడుతుంది. పరుపో సోఫానో గంటల తరబడి కుములుతూ వచ్చే పొగ కణాలు కాస్త పెద్దవి, వాటిని కాంతి రకం ముందుగా పడుతుంది. నిద్రపోయే ఇళ్లలో రెండోదే మేలన్న అభిప్రాయం బలపడింది. 2016 జూలై 1 నుంచి న్యూజిలాండ్‌లో అద్దె ఇళ్లన్నిటికీ పొగ అలారాన్ని తప్పనిసరి చేస్తూ, కొత్తగా పెట్టేవి కాంతి రకానివే అయ్యుండాలని, ప్రతి పడకగది తలుపుకూ మూడు మీటర్లలోపు ఒకటి ఉండాలని నియమం పెట్టారు.

అయితే ఈ కన్నుకు పొగకూ పోపుకూ తేడా తెలీదు. మరిగే నూనెలో ఎండుమిరపకాయ వేస్తే లేచే సన్నటి నూనె తుంపర కూడా పొగ కణమంతే ఉంటుంది, వెలుగును అలాగే చెదరగొడుతుంది. డిటెక్టర్ తప్పేం లేదు, అది చూసింది చూసినట్టే చెప్పింది. విదేశాల్లో మనవాళ్లు కొందరు దీనికి కనిపెట్టిన విరుగుడు మాత్రం ఘోరం: డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వెయ్యడం. పోపు ఐపోయాక తీసేద్దామనుకుంటారు. ఎవరు తీస్తారు? వంటగదిలో పెట్టాల్సింది పొగ డిటెక్టర్ కాదు, వేడి డిటెక్టర్. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితేనో, అసాధారణ వేగంతో పెరిగితేనో అది మోగుతుంది. పోపు దానికి లెక్కలోకి రాదు.

ఎక్కడ ఏది పనికిరాదో తెలియడమే ఈ వృత్తిలో సగం చదువు. పామర్‌స్టన్ నార్త్ పాడి శాస్త్రానికి పేరున్న ఊరు. 1927లో అక్కడ పాడి పరిశోధన సంస్థ వెలిసింది. ఆ రంగంలో అసలు ప్రమాదం పాలపొడి చేసే ఎత్తైన డ్రైయర్లలో ఉంటుంది. వేడి గాలిలోకి పాలను తుంపర్లుగా చిమ్మితే నీరు ఆవిరై పొడి రాలుతుంది. గోడలకు అంటుకుని పేరుకుపోయిన పొడిలో కొవ్వు గాలితో కలిసి మెల్లగా వేడెక్కుతుంది. పైపొర కప్పి ఉండటంతో ఆ వేడి బయటికి పోదు. ఎవరూ నిప్పు పెట్టకుండానే లోపల గడ్డ కుములుతుంది. అది విడిపడి రాలితే గాల్లో తేలే పొడి అంటుకుని పేలిపోవచ్చు. అక్కడ మామూలు పొగ డిటెక్టర్ పెడితే పొడినే పొగ అనుకుంటుంది. అందుకే డ్రైయర్‌లోకి వెళ్లే గాలిలో, బయటికొచ్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో పోల్చి చూస్తారు. పది లక్షల వంతుల్లో ఒకటో రెండో వంతులు పెరిగినా లోపల ఏదో కుములుతోందని అర్థం.

మోగడం దాకా వచ్చింది కాబట్టి, వినడం గురించి ఒక్కమాట. మెల్‌బోర్న్‌లో పరిశోధకురాలు డొరతీ బ్రక్ బృందం నిద్రపోతున్నవాళ్ల మీద ప్రయోగాలు చేసి, ఇళ్లలో ఉండే కీచుమనే అలారానికి చాలామంది పిల్లలు లేవరని తేల్చింది. అదే 520 హెర్ట్జ్ దగ్గర ఉండే బొంగురు శబ్దానికి పిల్లలు, వినికిడి తగ్గినవాళ్లు, తాగి పడుకున్నవాళ్లు కూడా ఎక్కువగా లేచారు. అమెరికా ప్రమాణంలో నిద్రించే గదులకు ఈ శబ్దం చేరింది. మన ఇళ్లలోకి రావాల్సి ఉంది.

పరీక్ష జరిగే తీరు చూస్తే పని మర్యాద అర్థమవుతుంది. మెకానిక్ రాగానే డిటెక్టర్ జోలికి పోడు. ముందుగా అగ్నిమాపక శాఖకు సంకేతం పోకుండా ఆ లంకెను పక్కన పెడతాడు, లేకపోతే ఫైరింజన్ వచ్చేస్తుంది. తర్వాత పొడవాటి కర్ర చివర కప్పులాంటి దాన్ని డిటెక్టర్‌కు ఆనించి కృత్రిమ పొగ వదులుతాడు. డిటెక్టర్ మీద చిన్న ఎర్ర చుక్క వెలుగుతుంది. కింద ప్యానెల్‌లో ఏ జోన్ అని పడిందో చూస్తాడు. మూడో అంతస్తులో పొగ వదిలినప్పుడు రెండో అంతస్తు పేరు వస్తే ఆ డిటెక్టర్ బాగా పనిచేస్తున్నా పనికిరానట్టే, ఎందుకంటే రాత్రి వచ్చే ఫైర్‌మన్‌లు తప్పు అంతస్తుకు పరుగెడతారు. అన్నీ అయ్యాక అసలైన గండం ఉంది: పక్కన పెట్టిన లంకెను తిరిగి కలపడం. పరీక్ష కోసం ఆపి, కలపడం మరిచి వెళ్లిపోతే ఆ భవనం పరీక్షకు ముందున్న దానికన్నా అధ్వానం. అందుకే ఎన్ని గంటలకు ఆపారు, ఎన్ని గంటలకు కలిపారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది లాగ్‌బుక్‌లో రాయకుండా మెకానిక్ గుమ్మం దాటకూడదు.

ఆ లాగ్‌బుక్‌లో ఎక్కువ పేజీలు ఉత్తుత్తి మోతలకే పోతాయి. హాస్టల్లో మాడిన రొట్టె, స్నానాల గదిలోంచి వచ్చిన ఆవిరి, డిటెక్టర్ చీకటి గదిలో కాపురం పెట్టిన సాలీడు. ‘నాన్నా పులి’ కథలో మనం కుర్రాణ్ణి తిట్టి ఊరుకుంటాం. అలారం వృత్తిలో ఆ సౌకర్యం లేదు, వాడు ఎందుకు అరిచాడో కనుక్కుని రాసిపెట్టాలి. ‘అలారం మోగింది, సరిచేశాం’ అని రాస్తే అది రాతే కాదు. ‘రెండో అంతస్తు, లిఫ్టు ఎదురు డిటెక్టర్, స్నానాల గది తలుపు తెరిచి ఉంది, ఈ నెలలో మూడోసారి’ అని రాస్తే తర్వాత వచ్చే మనిషి డిటెక్టర్‌ను మీటరున్నర జరిపి పీడ వదిలిస్తాడు. అలా రాయనిచోట జనమే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. 2023 మే 16న వెల్లింగ్టన్‌లోని లోఫర్స్ లాడ్జ్ అనే వసతి భవనంలో మంటలు లేచి ఐదుగురు చనిపోయారు. స్ప్రింక్లర్లు లేవు. అక్కడ అలారం తరచూ ఉత్తినే మోగేదని, అలవాటైపోయిందని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చెప్పారు.

గంట సరిగ్గా మోగినా, దాని వెంట అందాల్సిన సమాచారం అందకపోతే ఏమవుతుందో అదే దేశంలోని హామిల్టన్ దగ్గర తమహెరెలో తేలింది. 2008 ఏప్రిల్ 5న ఒక కోల్డ్‌స్టోరేజీ అలారం మోగింది. ఎనిమిది మంది ఫైర్‌మన్‌లు వెళ్లారు. మంట ఎక్కడా లేదు. లోపల చల్లదనం కోసం వాడుతున్నది ప్రొపేన్ ఆధారిత వాయువు, సుమారు 400 కిలోలు, అది కారుతోంది. అక్కడ అలాంటి వాయువు ఉందన్న సంగతే అగ్నిమాపక శాఖకు తెలియదు. పేలుడులో ఒక అధికారి చనిపోయారు, మిగతా ఏడుగురూ గాయపడ్డారు. ఆ వాయువును నింపినవాళ్లకు తెలుసు. వాడుతున్నవాళ్లకు తెలుసు. తలుపు తెరవాల్సినవాళ్లకు మాత్రం తెలియదు. ఆ దేశపు అగ్నిమాపక చరిత్రలో ఇంతకన్నా చేదు పాఠాలు ఉన్నాయేమో గానీ, ఇంత స్పష్టమైనది ఇంకోటి కనిపించదు.

చేదు పాఠాల్లో పెద్దది క్రైస్ట్‌చర్చ్‌లోని బాలంటైన్స్ దుకాణానిది. 1947 నవంబరు 18 మధ్యాహ్నం దాని సెల్లార్‌లో పొగ కనిపించింది. అగ్నిమాపక దళానికి కబురు ఆలస్యంగా వెళ్లింది. పైఅంతస్తుల్లో ఉద్యోగులు పని చేసుకుంటూనే ఉన్నారు. 41 మంది చనిపోయారు, అందరూ సిబ్బందే. విచారణ సంఘం ఆ ఆలస్యాన్నీ, జనాన్ని ఖాళీ చేయించే పద్ధతి లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. రెండేళ్లకు కొత్త అగ్నిమాపక చట్టం వచ్చింది.

సెల్లార్ అనగానే తెలుగువాళ్లకు ఇంకో ఊరు గుర్తురావాలి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ మెట్ల దారి గుండా పైనున్న రూబీ లాడ్జిలోకి ఎగబాకింది. ఎనిమిది మంది పోయారు. ఆరు నెలలకే, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో కొవిడ్ రోగులు పదిమంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట 17 మంది. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా మంట కాదు, పొగ. పొగ కన్నా ముందు మనిషిని లేపగలిగేది అలారం ఒక్కటే.

మనకు నియమాలు లేకపోలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో నాలుగో భాగం మొత్తం అగ్ని భద్రతే. అలారాల ఎంపిక, బిగింపు, నిర్వహణల మీద ఐఎస్ 2189 అనే ప్రమాణం ఉంది. న్యూజిలాండ్ ప్రమాణం పేరు ఎన్‌జడ్‌ఎస్ 4512, తాజా కూర్పు 2021ది. రెండు ప్రమాణాల్లో శాస్త్రం ఒకటే, పొగ ఎక్కడైనా పైకే పోతుంది. తేడా ఆ తర్వాతి పనిలో ఉంది. అక్కడ 2004 భవన చట్టం ప్రకారం ఇలాంటి వ్యవస్థలున్న భవన యజమాని ఏటా ఒక ధ్రువపత్రం మీద సంతకం చేసి, అందరికీ కనిపించేచోట అంటించాలి. తనిఖీ చేసేవాడు ఆ పనికి అర్హుడని నమోదైన స్వతంత్ర వ్యక్తి అయ్యుండాలి. లోపలికి వచ్చే ఎవరైనా గోడ మీది తేదీ చదువుకోవచ్చు. మన దగ్గర అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఫైల్లో ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది.

సంగతులు పంచుకోవడంలో న్యూజిలాండ్ కూడా పూర్తిగా ఒడ్డున పడలేదు. ఆధునిక ప్యానెళ్లలో ప్రతి డిటెక్టర్‌కూ ఒక చిరునామా ఉంటుంది, ఏ డిటెక్టర్ మోగితే ఏ తలుపు తెరుచుకోవాలో ఏ ఫ్యాన్ ఆగాలో అంతా ప్రోగ్రాములో ఉంటుంది. ఆ ప్రోగ్రాము తాళంచెవి ఒక్కోసారి బిగించిన కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. ఇంకో కంపెనీ మెకానిక్ వచ్చి చూడాలంటే కుదరదు. ఇది ప్రపంచమంతటా ఉన్న జబ్బు. వ్యాపారానికి రహస్యం అవసరమే కావచ్చు, కానీ ప్రాణాలు కాపాడే యంత్రం పాస్‌వర్డ్ దాన్ని కొన్నవాడి దగ్గర లేకపోవడం దబాయింపు తప్ప మరోటి కాదు. ప్రమాణాలు రాసే సంఘాల్లో కంపెనీలూ అగ్నిమాపక శాఖవాళ్లూ ప్రభుత్వమూ ఒకే బల్ల ముందు కూర్చోవాల్సింది ఇలాంటివాటి కోసమే.

మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంటే వచ్చే అసోసియేషన్ మీటింగులో లిఫ్టు, నీళ్ల ట్యాంకర్ల ముచ్చట అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. మన అలారం లాగ్‌బుక్ ఎక్కడుంది? చివరిసారి పొగ పెట్టి పరీక్షించింది ఎవరు, ఏ తేదీన? ప్యానెల్ పాస్‌వర్డ్, డిటెక్టర్ల నక్షా మన దగ్గర ఉన్నాయా, కాంట్రాక్టరు దగ్గరా? బటన్ నొక్కి గంట మోగించి చూపిస్తే ఒప్పుకోకండి, బటన్ నొక్కితే తెలిసేది గంట సంగతే, డిటెక్టర్ సంగతి కాదు. వీలైతే వాళ్ల ఎదుటే చివరి డిటెక్టర్‌ను ఊడదీయించి, ప్యానెల్ ఏమంటుందో చూడండి.